వైజాగ్ ద్వారకానగర్‌లో ఇంగ్లీష్ డౌట్లు తీర్చే మేడం గారి గది: ఏడు నెలలు వెళ్లాక రాస్తున్నాను

ఒక బుధవారం ముంబైలో ఉన్న మా కస్టమర్ పార్టీకి మెయిల్ పెట్టాను, 'వి కుడ్ క్లియర్ ద కంటైనర్ ఆన్ మండే' అని. నేను పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను, ఇలాంటి మెయిళ్లు రోజుకి ముప్పై నలభై కొడతాను, అందుకని దాని గురించి మళ్లీ ఆలోచించలేదు. నా మనసులో ఉన్నది 'సోమవారం క్లియర్ చేయగలిగాం' అని, అంటే పని అయిపోయింది, ఇంక లారీ పంపుకోండి అని. అవతల మేనేజర్ గారు చదువుకున్నది 'వచ్చే సోమవారం క్లియర్ చేయడానికి వీలుంటుంది' అని. మేము ఆయన లారీ కోసం చూస్తున్నాం, ఆయన మా సోమవారం కోసం చూస్తున్నారు. ఈలోగా ఫ్రీ డేస్ (కంటైనర్‌ని డబ్బు కట్టకుండా ఉంచుకోనిచ్చే రోజులు) అయిపోయి డిమరేజ్ (ఆ పైన ఆలస్యానికి పడే ఛార్జీ) పడింది, అందులో సగం మా ఆఫీసు కట్టుకోవాల్సి వచ్చింది.

మా ఓనరు గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. మెయిల్ ప్రింటు తీయించి మూడుసార్లు చదివి 'దీంట్లో తప్పేటి?' అన్నారు. ఆయనకీ కనపడలేదు. ఫోన్లో ఉన్న గ్రామర్ యాప్‌లో పెట్టి చూశాను, ఒక్క ఎర్రగీత రాలేదు. రాదు కూడా, ఎందుకంటే ఆ వాక్యంలో గ్రామర్ తప్పేమీ లేదు, నేను చెప్పాలనుకున్న సంగతి అందులో లేదు, అంతే. ఆ తేడా చెప్పగలిగే మనిషి ఎవరైనా ఉన్నారా అని అందరినీ అడగడం మొదలుపెడితే మా ఆఫీసుకి ఆడిట్‌కి వచ్చే ఒకాయన చెప్పారు, ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీకి దగ్గర్లో ఒక సందులో రిటైర్డ్ లెక్చరర్ మేడం ఒకరు శని, ఆదివారాలు సాయంత్రం ఇంగ్లీష్ డౌట్లు మాత్రమే చెబుతారని.

అలా వెళ్లడం మొదలుపెట్టి ఏడు నెలలైంది. ఈ రివ్యూ రాస్తానంటే తన పేరు, ఫోన్ నంబరు పెట్టొద్దని మేడం ముందే చెప్పారు, కాబట్టి అవి అడక్కండి. లైబ్రరీ వైపు వెళ్లి కింద జిరాక్స్ షాపు ఉన్న మేడ ఏదని అడిగితే చూపిస్తారు, రెండో అంతస్తు.

ముందు ఇది ఎలా నడుస్తుందో చెబుతాను. ఇది కోర్సు కాదు. సిలబస్ లేదు, మెటీరియల్ లేదు, సర్టిఫికెట్ లేదు. మీకు వచ్చిన డౌటు ఒక చీటీ మీద రాసుకుని వెళ్లాలి, అదీ ఉత్త డౌటు కాదు, మీరు నిజంగా ఎక్కడ రాశారో, ఎవరికి రాశారో ఆ వాక్యంతో సహా. 'మేడం, హ్యాడ్ బీన్ ఎక్కడ వాడాలి' లాంటి చీటీ వేస్తే మేడం వెనక్కి ఇచ్చేస్తారు, 'నువ్వు దాన్ని ఎక్కడ వాడబోయావో రాసి పట్రా బాబూ' అంటారు. అరగంటకి నూట యాభై రూపాయలు. ఉత్తరాలు, కాలేజీ అప్లికేషన్లకి ఆ చదువు ఎందుకు కావాలో చెబుతూ రాసుకునే ఎస్ఓపీల్లాంటివి పేజీకి మూడు వందలు, కానీ మీకోసం ఆవిడ రాసి పెట్టరు, పక్కన కూర్చోబెట్టి మీ చేతే దిద్దిస్తారు. ఒక్కొక్కరి చీటీ చదివేటప్పుడు మిగతావాళ్లు కూడా వినొచ్చు, దానికి డబ్బులు లేవు. నా మట్టుకు నాకు, నా డౌట్ల కన్నా పక్కవాళ్ల డౌట్ల దగ్గరే ఎక్కువ వచ్చింది.

నా మొదటి చీటీ ఆ కంటైనర్ మెయిలే. మేడం చదివి ఇంగ్లీష్‌లో ఏమీ చెప్పలేదు, తెలుగులో అడిగారు. 'చిన్నప్పుడు చెరువులో ఈదగలిగేవాణ్ని, నిన్న వరదలో ఈదగలిగాను, ఈ రెండూ ఒకటేనా?' కాదన్నాను. మొదటిది ఉన్న శక్తి, రెండోది ఒకసారి జరిగిపోయిన పని. 'ఆ ఈదగలిగేవాణ్ని అన్నదానికే కుడ్. నిన్న ఒక్కసారి చేసి చూపించిన దానికి వజ్ ఏబుల్ టు అనాలి, లేదా మేనేజ్డ్ టు అనాలి. ఆ చోట కుడ్ పెట్టావంటే, చదివేవాడు వీలవుతుందేమో అనుకుంటాడు.' మళ్లీ ఆవిడే అన్నారు, కాలేదు అని చెప్పేటప్పుడు మాత్రం ఈ గొడవ లేదు, 'వి కుడ్ నాట్ క్లియర్ ఇట్ ఆన్ మండే' అంటే ఎవరికైనా ఒకటే అర్థం. ఇంత స్పష్టంగా ఈ ముక్క నాకు పదో క్లాసులో చెప్పలేదు, డిగ్రీలో చెప్పలేదు. అన్నింటికన్నా నాకు నచ్చింది ఆవిడ చివర్లో అన్నది. 'అయినా నీకు ఏబుల్ టు కూడా అక్కర్లేదు. వి క్లియర్డ్ ద కంటైనర్ ఆన్ మండే, ప్లీజ్ సెండ్ ద ట్రక్, అని రాయి. మనం తెలుగులో చేయగలిగాం అంటే పడ్డ శ్రమ కూడా చెప్పినట్టుంటుంది. పార్టీకి నీ శ్రమతో పనేముంది, కంటైనర్ వచ్చిందా లేదా అని చూస్తాడు.'

ఆ రోజు నుంచి నా మెయిళ్లు సగానికి సగం చిన్నవయ్యాయి.

ఇక్కడ అసలు విషయం చెప్పాలి. ఇంగ్లీష్ నేర్పే చోట్లు వైజాగ్‌లో బోలెడు. మూడేళ్ల కింద నేనూ ఒక చోట చేరాను, పేరెందుకు, పన్నెండు వేలు కట్టాను, మూడు నెలలు. పన్నెండు టెన్సుల పట్టిక బోర్డు మీద గీసి మా చేత రాయించేవారు, ఆ పట్టిక నాకు స్కూల్లోనే కంఠతా వచ్చు. లేచి డౌటు అడిగితే 'అది అంతే, రూలు' అనేవారు. మేడం దగ్గర 'రూలు' అనే మాట నేను చాలా తక్కువసార్లు విన్నాను. మన తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడ వెతుకుతారు, చాలాసార్లు అది మన తెలుగులోంచే వస్తుంది, మందు కూడా మళ్లీ తెలుగులోనే దొరుకుతుంది. నాకు తెలిసి ఈ గది గొప్పతనం అంతా ఇదే.

ఉదాహరణకి సిన్స్, ఫర్. 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఎలెవెన్ ఇయర్స్' అని నేను ఎన్నిచోట్ల రాసుంటానో లెక్కలేదు. మనకి 'పదకొండేళ్ల నుంచి' అన్నా నుంచే, '2014 నుంచి' అన్నా నుంచే, పైగా రెండిటికీ 'పని చేస్తున్నాను' అంటాం. అందుకే మనకి రెండూ సిన్స్ లాగే అనిపిస్తాయి. మేడం చెప్పిన కిటుకు, 'నుంచి'కి ముందు ఉన్నది చూడు, అది సంచిలో కొలిచి పోయగలిగే కాలమా, క్యాలెండర్‌లో వేలు పెట్టి చూపించగలిగే చోటా? కొలిచేదైతే ఫర్, వేలు పెట్టేదైతే సిన్స్. 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఎలెవెన్ ఇయర్స్.' ఇప్పుడు మెయిల్ కొడుతుంటే నా వేలు దానంతటదే గోడ మీద క్యాలెండర్ వైపు వెళ్తోంది.

'డిస్కస్ అబౌట్' కూడా ఇంతే, మనం 'గురించి' మాట్లాడతాం కాబట్టి అబౌట్ తెచ్చి అతికిస్తాం, డిస్కస్ అనే మాటలోనే ఆ 'గురించి' కలిసి ఉంది. బై, అన్‌టిల్ దగ్గర మాత్రం మన తెలుగు మనకి సాయం చేస్తుంది, 'లోపల' అనుకుంటే బై, 'దాకా' అనుకుంటే అన్‌టిల్. శుక్రవారం లోపల డాక్యుమెంట్లు పంపండి, శుక్రవారం దాకా ఆఫీసు తెరిచే ఉంటుంది. ఈ రెండూ తారుమారైతే మా లైన్లో ఎంత నష్టమో పోర్టులో పని చేసే ఎవర్నైనా అడగండి.

అన్నింటికన్నా నాకు ఆశ్చర్యం అనిపించింది ఎ, యాన్ గురించి చెప్పినప్పుడు. మనందరికీ స్కూల్లో చెప్పింది ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు యాన్ అని. మరి యూనివర్సిటీ 'యు'తో మొదలవుతుంది కదా, యాన్ యూనివర్సిటీ అనాలా? అవర్ 'హెచ్'తో మొదలవుతుంది, ఎ అవర్ అనాలా? మేడం ఒక తెల్లకాగితం ఇచ్చి ఆ మాటల్ని తెలుగు లిపిలో రాయమన్నారు. రాసిన మాట అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. అవర్ 'అ'తో మొదలైంది, యాన్ అవర్. యూనివర్సిటీ 'య' గుణింతం, హల్లు, ఎ యూనివర్సిటీ. ఎమ్మెల్యే 'ఎ', యాన్ ఎమ్మెల్యే. ఎఫ్ఐఆర్, ఎస్సై, ఎంబీఏ అన్నీ యాన్. వన్-వే టికెట్ 'వ', కాబట్టి ఎ. ఇంగ్లీష్ స్పెల్లింగు శబ్దాన్ని దాచేస్తుంది, మన లిపి విన్నది విన్నట్టు రాస్తుంది, అందుకని ఈ ఒక్క విషయంలో ఇంగ్లీష్ పిల్లల కన్నా మనకే సుళువు. ఒక్క జాగ్రత్త చెప్పారు, మన నోటికి 'ఎగ్'ని 'యెగ్గు', 'ఎమ్మెల్యే'ని 'యెమ్మెల్యే' అనే అలవాటు ఉంది, అలా పలికినట్టు రాసేస్తే లెక్క తప్పుతుంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి నాలుగో క్లాసు చదివే మా పాపకి చెప్పాను. మర్నాడు వాళ్ల క్లాసులో తనే అందరికీ చెప్పిందట.

ద గురించి మాత్రం ఆవిడ తొందరపడరు. మన భాషలో దానికి సరిగ్గా సరిపోయేది లేదు కాబట్టి నెలల తరబడి పడుతుందని ముందే చెప్పేస్తారు. నాకు ఇచ్చిన ఆనవాలు ఇది: వినేవాడు 'ఏది?' అని అడిగేలా ఉంటే ఎ, అడగక్కర్లేకుండా తెలిసిపోతే ద. 'ఎ షిప్ హాజ్ అరైవ్డ్' అంటే ఒక ఓడ వచ్చింది, ఏ ఓడ అని అడుగుతాడు. తర్వాతి వాక్యంలో అదే ఓడ గురించి చెబితే ఇంక అది 'ద షిప్'. ఇప్పటికీ నేను పదింటిలో మూడు తప్పు పెడుతున్నాను.

ఇప్పుడు అసలు రూల్సే కాని రూల్స్ గురించి, ఇది నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. నర్సింగ్ చదివి, విదేశాలకి వెళ్లడానికి రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీష్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్న ఒక అమ్మాయి వస్తుంది, గాజువాక నుంచి. వాక్యం చివర్లో ప్రిపొజిషన్ (ఫర్, టు, విత్ లాంటి మాట) రాకూడదని, బట్‌తో వాక్యం మొదలుపెట్టకూడదని ఎవరో చెప్పారట, రాసిందల్లా కొట్టేసి మళ్లీ మళ్లీ రాసుకుంటూ టెన్షన్ పడిపోతోంది. మేడం ఆ అమ్మాయిని 'నువ్వు దేని కోసం ఎదురు చూస్తున్నావు అన్నది ఇంగ్లీష్‌లో చెప్పు' అన్నారు. 'వాట్ ఆర్ యూ వెయిటింగ్ ఫర్.' 'చివర్లో ఏముంది?' ఫర్ ఉంది. 'తప్పా?' కాదు. అప్పుడు చెప్పారు, 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి తనకి ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రాసిన వాక్యాల్లో దీన్ని తప్పుపట్టాడు, లాటిన్‌లో అలా కుదరదు కదా అన్న చూపుతో తర్వాతి పండితులు ఆ అభ్యంతరాన్ని రూలుగా మార్చేశారు, జనం మాత్రం ఎప్పుడూ అలాగే మాట్లాడుతున్నారు, మంచి రచయితలూ అలాగే రాస్తున్నారు.

ఆ వెంటనే ఆవిడ గిడుగు రామమూర్తి గారి దగ్గరికి వచ్చారు. మన శ్రీకాకుళం వైపు ఆయన, 1863 ఆగస్టు 29న పుట్టారు, ఆయన పుట్టిన రోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష వాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకుని, వాళ్లు ఎలా మాట్లాడతారో విని దానికి వ్యాకరణం రాశారు. తెలుగు విషయంలోనూ ఆయన వాదన అదే, జనం నోట్లో ఉన్న భాషని వదిలేసి ఎప్పటివో రూల్స్ పిల్లల మీద రుద్దకండని. ఆ వాడుక భాష పోరాటంలో మన ఊరి ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ గారు కూడా ఉన్నారు. 'ఈ గొడవ మన ఊళ్లో వందేళ్ల కిందే జరిగిందమ్మా, నువ్వు ఇంగ్లీష్‌లో దాన్ని చూసి భయపడకు' అన్నారు మేడం. ఆ మాటకి ఆ అమ్మాయి మొహం తేటపడింది, నాకైతే ఒళ్లు జలదరించింది. మేడం బల్ల మీద ఫౌలర్ రాసిన ఇంగ్లీష్ వాడుక నిఘంటువు అట్ట ఊడిపోయి ఉంటుంది, అది మొదట అచ్చయింది 1926లో, మన ఆంధ్రా యూనివర్సిటీ పుట్టింది కూడా ఆ ఏడాదే, ఆ సంగతి ఆవిడే సంతోషంగా చూపించారు.

అలాగని ఏది రాసినా చెల్లుతుందని అనరు. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన వస్తారు, బ్యాంకులకి, ఆఫీసులకి తన ఉత్తరాలు తనే రాసుకుంటారు. ఆయనకీ మేడం గారికీ 'ప్రిపోన్' (అనుకున్న తేదీ కన్నా ముందుకి జరపడం) అనే మాట మీద పెద్ద వాదన. అసలు ఆ మాటే లేదని ఆయన పట్టు. మేడం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తెరిచి చూపించారు, ఉంది, మన దేశపు వాడుక అని కూడా ఉంది. 'ఇక్కడి వాళ్లకి రాస్తే నిక్షేపంగా రాయండి. లండన్‌కి రాస్తే వాళ్లకి తెలియకపోవచ్చు, బ్రాట్ ఫార్వర్డ్ అనండి' అన్నారు. ఎవరు చదువుతారో చూసుకుని మాట ఎంచుకోమనడం నాకు న్యాయంగా తోచింది. 'డూ ద నీడ్‌ఫుల్' (కావాల్సింది చేయండి) విషయంలో మాత్రం నేను ఆవిడతో ఏకీభవించను. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో వాడిందే, మన ఆఫీసుల్లో మిగిలింది, ఉంటే తప్పేముంది అంటారు ఆవిడ. నా అనుభవంలో ఆ మాట రాసిన ప్రతి మెయిల్‌లోనూ అవతలివాళ్లు ఏం చేయాలో సరిగ్గా చెప్పకుండా వదిలేస్తాం, అందుకే నేను మానేశాను.

ఐఈఎల్‌టీఎస్ వాళ్లకి ఒక మాట. రైటింగ్‌కి గంట టైము, మొదటి టాస్క్ కనీసం 150 మాటలు, రెండోది కనీసం 250. మార్కులు నాలుగు విషయాల మీద సమానంగా వేస్తారు, గ్రామర్ అందులో ఒకటి. మేడం ఆ అమ్మాయికి చెప్పింది ఇదే, ఆర్టికల్ (ఎ, యాన్, ద) తప్పుల కోసం ఏడుస్తూ అడిగిన ప్రశ్నకి జవాబు రాయడం మర్చిపోతే ఎక్కువ పోతుందని. కానీ పరీక్ష ట్రిక్కులు, రెడీమేడ్ పేరాలు కావాలంటే ఇక్కడికి రాకండి, ఆవిడ ఇవ్వరు, అడిగితే చిరాకు పడతారు.

బాగోలేనివి కూడా చెప్పాలి. మెట్లు బాగా నిటారు, పెద్దవాళ్లకి కష్టం, ఆ స్టీల్‌ప్లాంట్ ఆయన రెండుసార్లు ఆగి ఎక్కుతారు. బండి పెట్టుకోవడానికి చోటు ఉండదు, ఆదివారం సాయంత్రం అయితే మరీ, నేను ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండ్ దగ్గర దిగి నడిచి వెళ్లిపోతాను. ముందు టైము తీసుకునే పద్ధతి లేదు, వచ్చిన వరసే, ఒక్కోసారి గంటన్నర కూర్చున్నాను. పదిమంది వింటుండగా మన తప్పు చదవడం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది, సిగ్గుపడే పిల్లలు ఒక్కరోజు వచ్చి మానేయడం చూశాను, వాళ్ల కోసం విడిగా ఒక పావుగంట పెడితే బాగుంటుందని మేడం గారికి చెప్పాను కూడా. మాట్లాడటం ప్రాక్టీస్ ఇక్కడ దొరకదు. ఇంటర్వ్యూలో గడగడా మాట్లాడాలి, నోరు తిరగాలి అనుకునేవాళ్లు వేరే చోటు చూసుకోవాల్సిందే.

ఇంకో సంగతి. తెలియనిది తెలియదనే అంటారు. 'డేటా ఈజ్' అనాలా 'డేటా ఆర్' అనాలా అని ఒక కుర్రాడు అడిగితే, సైన్స్ పేపర్లలో ఇప్పుడు ఏది నడుస్తోందో చూసి చెబుతానని చీటీ తన దగ్గరే పెట్టుకున్నారు. వారం తర్వాత వచ్చి, రెండూ వాడుకలో ఉన్నాయి, మామూలు రాతల్లో ఈజ్ చాలు, నువ్వు పంపే పత్రిక ఏది పాటిస్తోందో చూసుకుని దాన్నే చివరిదాకా పట్టుకో అన్నారు. ఆ వారం ఆ కుర్రాడి దగ్గర డబ్బు తీసుకోలేదు.

ఎవరికి పనికొస్తుందంటే, రోజూ ఇంగ్లీష్‌లో రాయక తప్పని వాళ్లకి. నాలాగ ఆఫీసు మెయిళ్లు రాసేవాళ్లు, పై చదువులకి అప్లికేషన్లు పెట్టేవాళ్లు, పిల్లలకి హోంవర్కు చెప్పేటప్పుడు తడబడే అమ్మలు. మొదటిసారి వెళ్లేటప్పుడు మీరు పంపిన మెయిల్ ఒకటి ప్రింటు తీసుకెళ్లండి, ఫోన్లో చూపిస్తే మేడం గారికి కళ్లకి కష్టం. నాలుగున్నరకి ముందే వెళ్లండి, ఏడుకి తలుపు వేసేస్తారు.

ఈ ఆదివారానికి నా చీటీ సిద్ధంగా ఉంది. మా బిల్ ఆఫ్ లేడింగ్‌ల (సరుకు ఓడకి ఎక్కించుకున్నట్టు ఇచ్చే కాగితాల) వెనక సన్న అక్షరాల్లో 'ద క్యారియర్ షల్ నాట్ బి లయబుల్' అని ఉంటుంది, అక్కడ విల్ అని కాకుండా షల్ అనే ఎందుకు రాస్తారో పదకొండేళ్లలో ఒక్కసారీ అడగాలని నాకు తోచలేదు.